చిలక పంతులు చెప్పిన కమింగ్ పాఠం

అనగనగా ఒక అడవి. ఎండాకాలం వస్తే ఆ అడవంతటికీ ఒకటే మడుగు. వాగులన్నీ ఎండిపోయాక జింకలైనా, కుందేళ్ళైనా, అడవిపందులైనా అక్కడికే రావాలి. ఆ సంగతి చిరుతపులికి తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు.

అందుకని అక్కడొక పద్ధతి ఉండేది. అందరూ తలలు వంచి నీళ్ళు తాగుతుంటే ఒక్కరు తలెత్తి కాపలా కాయాలి. ఆ పని తీతువు పిట్టది. ఒడ్డున రాయి మీద నిలబడి నాలుగు వైపులా చూసేది. గడ్డి కదిలితే చాలు, "వస్తోంది!" అని ఒక్క అరుపు అరిచేది. ఆ గొంతు వింటే చెవులు చిల్లులు పడతాయనుకోండి. అయితేనేం, ఆ అరుపుకి అందరూ ఒక్క ఉదుటున పొదల్లో పడేవాళ్ళు.

ఆ అరుపునే నమ్ముకుని బతికేది గోరింట అనే తల్లి జింక. దాని పిల్ల చిట్టికి ముందుకాలు వంకర. పరుగులో అందరికంటే పది అంగలు వెనకబడుతుంది. అరుపు ముందుగా వినబడితేనే చిట్టి పొద చేరుతుంది. లేకపోతే లేదు.

ఇలా ఉండగా పట్నం నుంచి ఒక చిలక దిగింది. పేరు చక్కెరకేళి. ఎవరో ట్యూషన్ మాస్టారి కిటికీలో రెండేళ్ళు పంజరంలో ఉందట. తలుపు తెరిచి ఉంటే ఎగిరొచ్చిందట. వచ్చింది వచ్చినట్టు ఊరుకుందా? తీతువు అరుపు వినగానే మూతి తిప్పింది. మూతి ఎక్కడిదంటారా, ముక్కే తిప్పిందిలెండి.

"ఛీఛీ, ఇదేం మోటు అరుపమ్మా! వస్తోందట! పట్నంలో దీన్ని కమింగ్ అంటారు. ఆ ఒక్క కమింగ్‌కి ఎన్ని మాటలున్నాయో తెలుసా మీకు? దూరం నుంచి వస్తుంటే అప్రోచింగ్. దగ్గరపడితే నియరింగ్. ధైర్యంగా ముందుకొస్తే అడ్వాన్సింగ్. లోపలికొస్తే ఎంటరింగ్. వచ్చేస్తే అరైవింగ్!"

అందరూ నోళ్ళు తెరిచారు. ఒక్కరికైనా అర్థమైందా? కాలేదు. అర్థం కాలేదు కాబట్టే గొప్పదనుకున్నారు. మడుగు దగ్గర పెద్దరికం చేసే అడవిపంది పోతయ్యకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మన అడవికి ఇన్నాళ్ళకి ఇంగ్లీషొచ్చిందర్రా!" అన్నాడు, బురదలో పొర్లుతూనే.

మర్నాడే పంచాయితీ పెట్టారు. కాపలా తీతువుకా, చిలకకా?

"చిలకగారు చెట్టెక్కి కూర్చుంటే ఇంకా దూరం కనబడుతుంది" అంది ఒక కుందేలు.

"తీతువు గొంతు అపశకునం" అంది ఇంకో కుందేలు. ఇన్నాళ్ళూ తన ప్రాణం నిలబెట్టింది ఆ అపశకునమేనని ఆ బుద్ధిమంతురాలికి గుర్తే లేదు.

గోరింట వంతు వచ్చింది. తీతువు దాని వంకే చూసింది. గోరింట మనసు పీకింది. ఈ అరుపు లేకపోతే నా బిడ్డ గతేమిటి అనుకుంది. సరిగ్గా అప్పుడే చిలక దాని చెవి దగ్గర వాలింది.

"మీ చిట్టికి నేనే దగ్గరుండి నేర్పుతానమ్మా. కాలు వంకరైతేనేం, నాలుక తిన్నగా తిరుగుతుంది."

అంతే, తల్లి కరిగిపోయింది. "కాపలా చిలకగారికే" అని ముందుకాలు ఎత్తింది. పాపం తీతువు రాయి దిగి, ఆ వెనకాల గులకరాళ్ళ మధ్య పెట్టుకున్న తన నాలుగు గుడ్ల మీద కూర్చుంది.

ఇక మొదలైంది బడి. చిలక కొమ్మ మీద కూర్చుని ఒక్కో మాటా చెప్పేది. జంతువులన్నీ తలలెత్తి, ఒకే గొంతుతో తిరిగి చెప్పాలి. మాస్టారింట్లో అలాగే చేస్తారట. చెప్పనివాళ్ళని గోడకుర్చీ వేయమనేది. అడవిలో గోడేదీ అని అడిగినవాడు లేడు.

మొదటిరోజు అందరికంటే గట్టిగా చెప్పిందెవరు? చిట్టి. రెండోరోజూ చిట్టే. "విన్నావా, మా చిట్టే!" అని గోరింట కనబడిన ప్రతి కుందేలుకీ చెప్పుకుంది.

మూడోరోజు పొద్దు వాలే వేళకి చిరుత వచ్చింది.

చిలక దాన్ని చూసింది. అబద్ధమెందుకాడాలి, చాలా ముందే చూసింది. చూసి ఏం చేసింది? గొంతు సవరించుకుంది. పాఠానికి ఇంత చక్కటి ఉదాహరణ మళ్ళీ దొరుకుతుందా మరి!

"అప్రోచింగ్!" అంది.

"అప్రోచింగ్!" అన్నాయి జంతువులన్నీ, తోకలూపుకుంటూ.

చిరుత ఆగిపోయింది. తనొస్తుంటే పారిపోకుండా వీళ్ళు భజన చేస్తున్నారేమిటని బిత్తరపోయింది. ఇంకో నాలుగడుగులు వేసింది.

"నియరింగ్!"

"నియరింగ్!" చిట్టి గొంతే పైకి వినబడింది. గోరింట మురిసిపోయింది.

"అడ్వాన్సింగ్... ఉండండుండండి, ఎంటరింగ్ అనాలేమో?" చిలక ఆలోచనలో పడింది. అది తేల్చుకునేలోగా చిరుత పొట్ట నేలకానించి, కుంటి జింకపిల్ల మీద చూపు నిలిపింది.

"వస్తోంది!"

రాయి వెనక నుంచి తీతువు అరిచింది. అదే మోటు అరుపు. అందరి కాళ్ళకీ క్షణంలో అర్థమైంది. చిట్టి కూడా దూకింది. కానీ ఆ పది అంగలు! చిరుత పంజా చాచింది. గోరింట పొదలోంచి కెవ్వుమంది. తీతువు గుడ్లు వదిలేసి సూటిగా చిరుత కళ్ళ మీదికి ఎగిరింది. చిరుత తల విదిలించుకునేలోపు చిట్టి పొదలో వచ్చి పడింది. తోక కొస మాత్రం చిరుత గోళ్ళకి చిక్కింది.

చిరుతకి ఒళ్ళు మండింది. పోతూ పోతూ తీతువు గుడ్లు నాలుగింటినీ తొక్కేసి పోయింది.

మరి మన పంతులమ్మో? చిరుత ఒక్కసారి తలెత్తగానే "క్రీ!" అని అరిచి ఆకాశానికి ఎగిరిపోయింది. ఒక్కటే క్రీ. దానికి అర్థాలు చెప్పలేదు.

పొద్దున్నే ఏమీ ఎరగనట్టు వచ్చి కొమ్మ మీద వాలింది. "నిన్న పాఠం మధ్యలో ఆగిపోయింది. చిరుత దూకింది చూశారూ, దాన్ని..."

"నోరు మూసుకో" అంది గోరింట. "చిరుతని ముందు చూసింది నువ్వు. ఎగిరిపోయింది నువ్వు. తోక తెగింది నా బిడ్డకి. ఇంకొక్క మాటన్నావంటే ఆ కొమ్మ కింద నేనే కూర్చుంటాను, నువ్వెలా దిగుతావో చూస్తాను. సిగ్గులేని పిట్టా!"

"మీ ఖర్మ" అని చిలక ఎగిరిపోయింది. పక్క అడవిలో దానికి దండవేసి సన్మానం చేశారట. చేస్తారు, చేయక!

గోరింట తల వంచుకుని తీతువు దగ్గరికి వెళ్ళింది. పగిలిన పెంకుల పక్కన తీతువు ఒక్కతే నిలబడి ఉంది.

"తప్పు నాదే తీతువత్తా. కాలెత్తింది నేనే. నా పిల్ల బతికింది, నీ పిల్లలు పోయారు" అని బావురుమంది.

తీతువు ఒక పెంకుని ముక్కుతో పక్కకి జరిపింది. తర్వాత మెల్లగా రాయెక్కింది.

"ముందు పిల్లకి నీళ్ళు తాగించవే. ఎండ ముదురుతోంది. నేను చూస్తుంటాను" అంది.

చిట్టి తల వంచి కడుపారా నీళ్ళు తాగింది.

నీతి: అర్థం కాని గొప్ప మాటలకి మురిసిపోయి, మనల్ని కాపాడే మోటు మాటని తోసేస్తే, ఆ తప్పుకి ఏ పాపం ఎరగనివాళ్ళు నష్టపోతారు.