వంటింటి గోడ కోసం కుంకుడు చెట్లు

పోలినాయుడి ఇంట్లో ఉండేది ముగ్గురే అయినా తెలివి మాత్రం ముప్పైమందికి సరిపడా ఉందని వాళ్ళ నమ్మకం. పోలినాయుడు, అతని పెళ్ళాం తవిటమ్మ, తమ్ముడు సన్నాసి. ఎవరేం చెప్పినా పొల్లు పోకుండా చేసేవాళ్ళు. ఊళ్ళో మిగతావాళ్ళకి ఆ బుద్ధి లేదని జాలి కూడా పడేవాళ్ళు.

వాళ్ళ ఇల్లు బోడికొండ కింద ఉండేది. ఏటా వానలకి కొండ మీది బురద దిగొచ్చి వంటింటి గోడ కూల్చేసేది. "ఈ ఏడు గోడ కూలిందా, నాను కన్నోరింటికెల్లిపోతాను" అని తవిటమ్మ ఒట్టేసింది. పోలినాయుడికి పెళ్ళామంటే ప్రాణం. హడలిపోయి, పక్క ఊళ్ళో మొక్కలు పెంచే దాలయ్య దగ్గరికి పరిగెత్తాడు.

"కొండమీద కుంకుడు చెట్లెయ్యండ్రా. ఏర్లు మన్నుని పట్టుకుంటాయి" అన్నాడు దాలయ్య. "కాయలేరి, తొక్క తీసి, గింజలు నీళ్ళల్లో ఎయ్యండి. తేలినవి పుచ్చులు, పారెయ్యండి. మునిగినవి మంచివి, దాచుకోండి."

ఇంకేముంది! ముగ్గురూ అడివంతా తిరిగి గోనెడు కాయలు ఏరారు. తొక్క తీశారు. గింజలన్నీ తీసుకెళ్ళి నూతిలో గుమ్మరించారు. గుప్పెడు తేలాయి. మిగతావన్నీ బుడుంగున మునిగాయి.

"ఓలమ్మో, అన్నీ మంచివే!" అని తవిటమ్మ చప్పట్లు కొట్టింది.

"దాచడానికి ఇంతకన్నా మంచి సోటేదీ?" అని పోలినాయుడు మురిసిపోయాడు.

రెండ్రోజులకి గింజలు నాటాలని గుర్తొచ్చింది. సన్నాసి నూతిలో దూకాడు. వాడికి ఈతొచ్చు. అంతే, పైకి తేలాడు.

"అయ్యో, మా మరిది పుచ్చయిపోనాడు!" అని తవిటమ్మ గొల్లుమంది.

తమ్ముణ్ణి పారెయ్యాలంటే పోలినాయుడికి మనసొప్పలేదు. అయినా మాట మాటే కదా అని, వాణ్ణి భుజానేసుకుని ఊరి బయట పారేసి వచ్చాడు. సన్నాసీ బుద్ధిగా అక్కడే పడున్నాడు. అన్నం వేళకి మాత్రం తిరిగొచ్చాడు.

"పుచ్చు గింజకి ఆకలెయ్యదు గదొదినా. నాకేసింది. నాను మంచోణ్ణే!"

నిజమేనని గంజి పోశారు. తర్వాత నూతిలో నీళ్ళన్నీ తోడి, గింజలు ఏరి, నూట ఇరవై సంచుల్లో మట్టి నింపి నాటారు. మొలకెత్తేదాకా నీడలో ఉంచమన్నాడు దాలయ్య. పొద్దున పెరట్లో మునగచెట్టు నీడలో పెట్టారు. నీడ జరిగింది. సంచులు జరిపారు. మళ్ళీ జరిగింది. మళ్ళీ జరిపారు. సాయంత్రానికి నీడ సాగి సాగి పొరుగువాళ్ళ పశువులపాకలో దూరితే, సంచులతో వీళ్ళూ దూరారు. గేదె తాడు తెంపుకుని పారిపోయింది.

ఇన్ని తిప్పలు పెట్టినా గింజలు మొలకెత్తాయి. పాపం, వాటికి ఎవరి చేతిలో పడ్డాయో తెలీదు. ఆ మొక్కల్ని కొండమీద నాటి, దాలయ్యని పిలుచుకొచ్చారు.

"బాగున్నాయిరా! గానీ ఇయ్యి మన్ను పట్టుకోడానికి అయిదారేళ్ళు పడతాది. అందాకా వాననీళ్ళకి అడ్డమున్నవి తీసేసి దారియ్యండి" అని చెప్పి, మబ్బు చూసి గబగబా వెళ్ళిపోయాడు దాలయ్య.

పోలినాయుడు కొండ మీంచి ఇంటి వరకూ నీళ్ళొచ్చే దారిలో నడుచుకుంటూ వచ్చాడు. ముక్కు వంటింటి గోడకి కొట్టుకుంది.

"ఒరే సన్నాసీ, అడ్డం దొరికిందిరా! గునపం తే!"

అంతే. వెనక గోడ తీసేశారు. నీళ్ళు లోపలికొచ్చాక బయటికి పోవద్దూ? ఎదురు గోడా తీసేశారు. ఇటుకలన్నీ తడవకుండా నట్టింట్లో మంచం మీద పేర్చారు.

వాన దంచికొట్టింది. కొండ బురద వంటింట్లో ఇటునుంచి వచ్చి అటు పోయింది. పోతూ పోతూ పొయ్యినీ, కుండల్నీ, ఉప్పుజాడీనీ తీసుకుపోయింది.

"ఓసి తవిటీ, మీ గోడేదే?" అని పొరుగువాళ్ళు అరిచారు.

మోకాల్లోతు బురదలో నిలబడి, తవిటమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని గర్వంగా నవ్వింది.

"కూలిపోతాదని మేవే ముందు తీసేసినాం. మంచం మీద సూడండి, ఒక్క ఇటికా పోనేదు! నాను కన్నోరింటికెల్లక్కర్నేదు!"