గంగసాని మూడు విన్నపాలు

అనగనగా, మన తాతల తాతలు ఇంకా పుట్టని కాలంలో, గండశిల అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని కంపరాయుడనే రాజు పాలించేవాడు.

ఆ రాజ్యంలో ఒకప్పుడు పెద్ద యుద్ధం జరిగింది. యుద్ధం ముగిశాక సైనికులు ఇళ్ళకు చేరారు. వాళ్ళ చేతిలోని తుపాకులను తిరిగి ఇవ్వమని మాత్రం ఎవరూ అడగలేదు. అలా ఇంటికో తుపాకి గోడకెక్కింది. పెళ్ళికి పేల్చేవారు, జాతరకు పేల్చేవారు. గట్టు తగాదా వచ్చినా చెయ్యి గోడవైపే పోయేది.

మొల్లవరమనే ఊళ్ళో గంగసాని అనే నేతగత్తె ఉండేది. ఆమె భర్త బయ్యన్న డోలు వాయించేవాడు. ఒకనాడు పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకు మేనమామ సంబరం పట్టలేక తుపాకి ఎత్తాడు. జనంలో ఎవరిదో భుజం తగిలింది. ఆకాశానికి పోవలసిన గుండు బయ్యన్న రొమ్ములో దిగింది. అతడు డోలు మీదకే ఒరిగి ప్రాణం విడిచాడు.

పేల్చినవాడు ఏడ్చాడు. ఊరంతా ఏడ్చింది. "వాడి రాత అలా ఉంది" అన్నారు. దినాలు కాగానే ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. రెండు నెలలకు మరో పెళ్ళి వచ్చింది. మళ్ళీ తుపాకులు మోగాయి.

ఆ చప్పుడు విని గంగసాని మగ్గం గుంటలోంచి లేచింది.

"అత్తా, రాజుగారి దగ్గరకు పోతున్నాను" అంది.

"పోయి ఏమడుగుతావు?" అంది అత్త పోలమ్మ.

"తుపాకులన్నీ కరిగించమంటాను."

మూడు రోజులు నడిచి రాజధాని చేరింది. కొలువులో తన విన్నపం చెప్పుకుంది. రాజు పక్కనే తుపాకుల వర్తకుడు భైరవయ్య కూర్చుని ఉన్నాడు. "ప్రభూ, తుపాకులు పోతే రైతుల గతేమిటి? అడవిపందులు చేలు మిగలనిస్తాయా?" అన్నాడు.

ఏదో పనిమీద వచ్చిన లక్కన్న అనే రైతు కూడా లేచాడు. "తల్లీ, నీ దుఃఖం పగవాడికి కూడా వద్దు. కానీ పందులు పడితే ఒక్క పూటలో నా జొన్నచేను నేలమట్టం. నా పిల్లలకు ఏం పెట్టను?"

"కుదరదమ్మా" అన్నాడు రాజు.

తిరుగుదారిలో మొదటిరోజంతా గంగసాని లక్కన్నను తిట్టుకుంటూ నడిచింది. రెండోరోజుకు కోపం కాస్త దిగింది. అతడు చెప్పింది అబద్ధం కాదు కదా అనుకుంది. ఇంటిదారి వదిలి అతడి ఊరు వెతుక్కుంటూ పోయి, చేనిగట్టు మీద కూర్చుంది.

"అన్నా, తుపాకి నీకు ఎన్నాళ్ళు కావాలి?"

"పంట చేతికొచ్చే రెండు నెలలు. అదీ కావలికి పోయేటప్పుడే."

"తక్కిన రోజులు?"

"గోడకుంటుంది."

"ఇంట్లో ఎవరైనా తాగి వచ్చిననాడు?"

"నా తమ్ముడు తాగుతాడమ్మా. ఆనాడు నా భార్య తుపాకిని గాదెలో దాస్తుంది."

ఆ మాటతో గంగసాని విన్నపం మారింది. తుపాకులు ఊరిచావడిలో తాళం కింద ఉండాలి. కావలికి పోయేవాడికి పెద్దలు ఇచ్చి, పని కాగానే తీసుకోవాలి. ఊరేగింపుల్లో పేల్చకూడదు. తాగినవాడికీ, ఒకరిని చంపుతానన్నవాడికీ ఇవ్వకూడదు.

ఏడాదిపాటు ఊరూరా తిరిగింది. తనలాంటి ఇళ్ళు ఎన్నో చూసింది. ఒకచోట అన్న చేతిలో తమ్ముడు పోయాడు. ఇంకొకచోట ఆడుకుంటూ తుపాకి దించిన పిల్ల పోయింది. వాళ్ళ పేర్లన్నీ గుర్తుపెట్టుకుని, లక్కన్నను వెంటబెట్టుకుని, రెండోసారి కొలువుకు పోయింది.

ఈసారి రాజు శ్రద్ధగా విన్నాడు. అయిదుగురు సభాసదుల అభిప్రాయం అడిగాడు. అయితే భైరవయ్య అంతకుముందే వాళ్ళ ఇళ్ళకు పోయి వచ్చాడు. "నేడు తుపాకులంటారు, రేపు కొడవళ్ళు కూడా లాక్కుంటారు" అని భయం పెట్టాడు. ఇద్దరు సరేనన్నారు, ముగ్గురు కాదన్నారు.

"సభ మాట దాటలేను" అన్నాడు రాజు.

గంగసాని ఇంటికొచ్చి మగ్గం ముందు ఊరికే కూర్చుంది. నాలుగు రోజులు నూలు ముట్టలేదు. అయిదోనాడు పోలమ్మ కర్ర పట్టుకుని బయలుదేరింది.

"ఎక్కడికత్తా?"

"రాజుగారి దగ్గరకు. పోయినవాడు నీకు మొగుడైతే నాకు కొడుకు. నా నడకకు పదిరోజులు పడుతుంది, నీకైతే మూడు. ఎవరు పోతే మేలో నువ్వే చెప్పు."

బయ్యన్న పోయాక మొదటిసారి గంగసాని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"మనమెవరమూ పోవద్దత్తా, ఇప్పుడే వద్దు. చావడికి తాళం వేసుకోవడానికి రాజుగారి ఆజ్ఞ ఎందుకు?"

ముందు లక్కన్న ఊరు ఒప్పుకుంది. తరువాత మొల్లవరం, ఆపైన ఇంకో మూడు ఊళ్ళు. రెండు పంటలు గడిచాయి. ఒకసారి లక్కన్న తమ్ముడు తాగి, పొరుగువాడిమీద పగతో చావడికి పరుగెత్తాడు. "పొద్దున రా" అన్నారు పెద్దలు. పొద్దున అతడు రాలేదు. సిగ్గుపడి పొరుగువాడి గడప దగ్గరకు పోయి క్షమించమన్నాడు.

మూడోసారి గంగసాని వెంట అయిదూళ్ళ రైతులు కొలువుకు వచ్చారు.

"పందుల సంగతేమిటి?" అన్నాడు భైరవయ్య.

"పంట ఇళ్ళకు చేరిందయ్యా" అన్నాడు లక్కన్న. "కొడవళ్ళు కూడా మా దగ్గరే ఉన్నాయి. రెండేళ్ళలో మా అయిదూళ్ళలో తుపాకి గుండుకు ఒక్కరూ చావలేదు."

క్రితంసారి కాదన్న సభాసదుడొకడు లేచాడు. "అప్పుడు నేను భయపడ్డాను ప్రభూ. ఇప్పుడు సరేనంటున్నాను." అలా ముగ్గురు ఇటయ్యారు. రాజు శాసనం రాయించి ముద్ర వేశాడు.

"అమ్మా, ఈసారి కూడా కాదంటే ఏం చేసేదానివి?" అని అడిగాడు.

"మళ్ళీ వచ్చేదాన్ని ప్రభూ."

ఆ శాసనం బయ్యన్నను తిరిగి తేలేదు. తేదని గంగసానికి మొదటినుంచీ తెలుసు. కొండమీద రెండూళ్ళు ఇంకా చావడికి తుపాకులు ఇవ్వలేదని తెలిసి, ఆమె వారం తిరక్కుండానే అటు ప్రయాణమైంది.

న్యాయమైన విన్నపానికి "కాదు" అన్నది ఆఖరిమాట కాదు. ఆశ వదలక, ఎదుటివాడి మాట కూడా విని, మళ్ళీ మళ్ళీ అడిగినవారికే అది "సరే" అవుతుంది.