కెమెరాకు పెట్టిన బొట్టు

"గురువు మాటకు ఎదురు ప్రశ్న వేసేవాళ్ళను గురువు దగ్గరకు రానివ్వడం మన తప్పు కాదా?" అని చిదంబరం అడిగిన గురువారం నేను మా సత్సంగం హాల్లోనే ఉన్నాను.

పేరుకే అది ప్రశ్న. తాను అప్పటికే చేసేసిన పనికి గురువుగారి చేత ఔననిపించుకోవాలన్నది చిదంబరం ఆరాటం. అంతకు ముందు వారం మల్లీశ్వరి అనే నర్సు, మా సత్సంగానికి కొత్తగా వస్తున్న ఆవిడ, పరమేశం గారి ప్రసంగం మధ్యలో లేచి నిలబడింది. "పోయినసారి ఒకలా చెప్పారు, ఇవాళ ఇంకోలా చెబుతున్నారు. దేన్ని పట్టుకోమంటారండీ?" అని అడిగింది. పరమేశం గారు నవ్వి, ఆలోచించుకుని చెబుతానన్నారు. చిదంబరం మాత్రం ఆవిడను మెట్ల దగ్గర ఆపి, ఇక మీదట రావద్దని చెప్పేశాడు. ఆయన పరమేశం గారికి పెద్ద శిష్యుడు. ప్రతి గురువారం గురువుగారి పాదాలకు గంధం పూసి కుంకుమ పెట్టేదాకా ఆ హాల్లో ఎవరూ నోరు విప్పకూడదు. ఆ రోజు మాత్రం గంధపు గిన్నె చేత పట్టుకుని, పూయకముందే తనే అడిగేశాడు. మనిషి మంచివాడే. ఆయన భక్తి అంటేనే మాకందరికీ కాస్త భయం.

పరమేశం గారికి సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేం అడిగినా భుజం మీది తుండు తీసి, మడతపెట్టి ఒళ్ళో వేసుకుంటారు. ఎక్కడో జరిగిన ముచ్చట ఒకటి రాబోతోందని మేం సర్దుకుని కూర్చుంటాం. ఆ రోజు కూడా తుండు ఒళ్ళోకి వచ్చింది. ఆయన చెప్పిన సంగతి ఇది.

అనకాపల్లిలో వీరభద్రరావు అనే బెల్లం వర్తకుడు ఉన్నాడు. పూజలూ పద్ధతులూ గట్టిగా పాటించే మనిషి. పక్క యార్డులో దొంగలు పడ్డారని విని తన యార్డు చుట్టూ నాలుగు కెమెరాలు పెట్టించాడు. బిగించడానికి వచ్చిన జోగారావు పని తెలిసినవాడు. వైరు గోడలోకి దూరే చోట దాన్ని కాస్త కిందికి వంచి వదిలాడు, వాన నీళ్ళు లోపలికి పాకకుండా ఆ వంపు దగ్గరే జారి పడిపోవాలని. ప్రతి కెమెరా నెత్తిన రేకు టోపీ ఒకటి ఉంది. "తుఫానొచ్చినా అద్దం మీద చుక్క పడదండి, ఇక మీరు నిశ్చింతగా ఉండొచ్చు" అన్నాడు. గేటు దగ్గర ఒకటి, కాటా దగ్గర ఒకటి, గోడౌన్ తలుపు మీద ఒకటి పెట్టాడు. నాలుగోది వెనకవైపు, లారీలకు సరుకెక్కించే అరుగు పక్కన, బాగా ఎత్తయిన ఇనప స్తంభానికి బిగించాడు.

అంతలోనే దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు ఆ యార్డులో కాటాకు, లారీలకు, చివరికి గోడౌన్ తాళం కప్పకు కూడా బొట్టు పెడతారు. అలాంటిది కొత్తగా వచ్చిన కెమెరాలను వదిలేస్తే ఎలా? పనివాళ్ళ చేతికి ఇవ్వకుండా వీరభద్రరావు తనే పంచె ఎగ్గట్టి నిచ్చెన ఎక్కాడు. కెమెరా ముఖం ఎటుందో చూసుకుని, సరిగ్గా నడిమధ్యన చిక్కటి గంధం రాసి, దాని మీద నిండుగా కుంకుమ అద్దాడు. మూడింటికీ అలాగే చేశాడు. నాలుగోదానికి నిచ్చెన అందలేదు. కింద నిలబడే దండం పెట్టుకుని, వచ్చే ఏటికి పెద్ద నిచ్చెన తెప్పిస్తానని దానికి మాట ఇచ్చాడు.

నిచ్చెన పట్టుకుని నిలబడ్డవాడు కాపలాదారు ఎరకయ్య. "బాబూ, బొట్టు అద్దం మీద పడిపోనాదండి. ఓపాలి తుడిసేసి ఆ టోపీ మీద ఎట్టండి" అన్నాడు.

వీరభద్రరావు కస్సుమన్నాడు. "పండగ పూట బొట్టు చెరపమంటావా? నీ నోట మంచి మాటే రాదా?"

ఎరకయ్య చెంపలు వేసుకున్నాడు. మళ్ళీ ఆ ఊసు ఎత్తడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆఫీసు గదిలో కెమెరాల బొమ్మ చూపించే టీవీకి దండ వేసి, దుమ్ము పడకుండా పట్టు కండువా కప్పారు. దాన్ని తీసి చూసే అవసరం వీరభద్రరావుకు రాలేదు. కెమెరాలున్నాయన్న ధీమా ఒక్కటే ఆయనకు కడుపు నింపేది.

కార్తీకంలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలివాన కొట్టింది. సెలవు కావడంతోనూ, ఎరకయ్య ఇంటివాళ్ళు సంతకు వెళ్ళడంతోనూ యార్డులో అతను తప్ప ఎవరూ లేరు. మర్నాడు లారీకి ఎక్కించాల్సిన బెల్లం దిమ్మలు వెనక అరుగు మీద టార్పాలిన్ కింద ఉన్నాయి. సోమవారం పొద్దున్న వీరభద్రరావు వచ్చి చూసేసరికి సగం దిమ్మలు కరిగి అరుగు మీంచి పాకంలా కారిపోతున్నాయి. టార్పాలిన్ ఒక పక్క తెరుచుకుని ఉంది. ఎరకయ్య జ్వరంతో వణుకుతూ ఎదురొచ్చాడు.

"తాడు తెగిపోనాదండి బాబూ. గాలికి ఎగిరిపోతంటే నాను పట్టుకునే ఉన్నానండి. ఒక పక్కే కాయగలిగినాను. రెండో పక్క నా వల్ల కానేదండి."

"గదిలో ముసుగు తన్ని పడుకుని నాకు కథలు చెబుతున్నావా? సామాను సర్దుకో" అన్నాడు వీరభద్రరావు.

గేటు పక్క గదే ఎరకయ్య సంసారానికి ఇల్లు. అది పోతే పోనీ, కాపలా వదిలి నిద్రపోయాడన్న పేరొస్తే ఆ ఊళ్ళో ఇంకో యార్డు వాడు గడప తొక్కనివ్వడు. ఎరకయ్య భార్య అప్పుడే గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టింది. సరుకెత్తే కలాసీలు నలుగురూ చేరి, ఎరకయ్య అలాంటివాడు కాదని బతిమాలారు. వీరభద్రరావు వినలేదు. "నా మాటా వద్దు, మీ మాటా వద్దు. కెమెరాలే చెబుతాయి రండి" అని అందరినీ వెంటబెట్టుకుని ఆఫీసులోకి నడిచాడు. అందరి ముందు పట్టు కండువా లాగాడు.

టీవీలో మూడు గడులు ఎర్రటి చీకటిగా ఉన్నాయి.

వీరభద్రరావుకు ఒళ్ళు మండిపోయింది. నాలుగో గడి వంక చూడనైనా చూడకుండా ఫోన్ తీసి జోగారావును పిలిపించాడు. "వాన దూరదని ఊదరగొట్టావు కదా, మొదటి వానకే పాడైపోయాయి చూడు" అని గేటు దగ్గరే నిలదీశాడు. జోగారావు నిచ్చెన ఎక్కి, టోపీ కింద అద్దం మీద వేలు పెట్టి, ఆ వేలు కిందికి చూపించాడు. వేలి కొసన పొడిపొడిగా కుంకుమ.

"వాన దూరలేదండి. మీ కుంకుమ కూడా తడవలేదు."

తర్వాత లోపలికి వచ్చి, బొట్టు పెట్టని ఆ ఒక్క కెమెరా రికార్డును ముందు రోజు మధ్యాహ్నానికి తిప్పాడు. గాలికి టార్పాలిన్ ఉబ్బడం, తాడు పుటుక్కున తెగడం, ఎరకయ్య పరుగెత్తుకు రావడం అంతా కనబడింది. అంచు చేతికి దొరక్కపోతే దిమ్మల మీదికెక్కి బోర్లా పడుకున్నాడు. రెండు చేతులూ చాచి అందినంత మేర ఒత్తిపెట్టి పట్టుకున్నాడు. వాన మొదలైనప్పటి నుంచి వెలిసేదాకా అలాగే ఉన్నాడు. మధ్యలో ఒక్కసారి తల ఎత్తి, రెండో పక్క పట్టుకోవడానికి ఎవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. మళ్ళీ తల వాల్చేశాడు.

పరమేశం గారు ఇది చెబుతుంటే నాకైతే కళ్ళ నీళ్ళు తిరిగాయి. చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

వీరభద్రరావు కుర్చీలోంచి లేచి, ఒక గుడ్డ తడుపుకుని, నిచ్చెన తనే భుజానికెత్తుకున్నాడు. జ్వరం మీదున్నా ఎరకయ్య వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. గంధం గట్టిపడి ఒక పట్టాన వదల్లేదు. ఒక్కో అద్దమూ గీత పడకుండా తుడిచి, బొట్టు టోపీ మీద పెట్టి, పైనుంచే అడిగాడు.

"ఎరకయ్యా, నాకు కనబడనిది ఇంకేమైనా ఉంటే చెప్పు. ఈసారి కసరను."

"ఉన్నాదండి బాబూ. కింద నుంచి రెండో మెట్టు ఇరిగిపోనాదండి. సూసుకుని దిగండి."

వీరభద్రరావు చూసుకుని దిగాడు. ఆ సాయంత్రం గేటు పక్క గదిలో మూట విప్పి, పొయ్యి మీద మళ్ళీ ఎసరు పెట్టారు.

ముచ్చట అయిపోయింది. చిదంబరం తన చేతిలోని గంధపు గిన్నె వంక చూసుకున్నాడు. "అయితే బొట్టు పెట్టడమే తప్పంటారా గురువుగారూ?" అన్నాడు. ఆయన గొంతులో ఇందాకటి బింకం లేదు. నాకు ఆయన మీద జాలి వేసింది.

పరమేశం గారు తుండు విప్పి భుజాన వేసుకుని, కాళ్ళు ముందుకు చాపారు.

"పెట్టు నాయనా. పెట్టాక మల్లీశ్వరి గారింటి దాకా వెళ్ళి రా. ఈ హాల్లో నీ నిచ్చెనకు అందని కెమెరా ఆవిడ ఒక్కరే."