అలగని అలుగు

అనగనగా, పిల్లలూ, మనుషుల కాలిబాట ఇంకా పడని ఒక కొండ అడవిలో ఒక అలుగు ఉండేది. అలుగంటే తెలుసుగా? ఒంటి నిండా పెంకుల్లాంటి పొలుసులుంటాయి. పొడవాటి నాలుకతో చెదపురుగుల్ని తింటుంది. భయమేస్తే ముడుచుకుని బంతిలా అయిపోతుంది. ఈ అలుగు పేరు ఓబులమ్మ. చిన్నపిల్లేం కాదు, నడివయసుది.

ఓబులమ్మ తీరు కాస్త వేరు. రోజూ ఒకే దారిన నడిచేది. ఒకే పుట్ట దగ్గర తినేది. ఆ దారిలో కొమ్మ విరిగి పడితే చాలు, ఆ పూటంతా మనసు కుదుటపడేది కాదు. ఎవరైనా కళ్లలోకి చూసి మాట్లాడితే ఆమె చూపు నేల మీదికి జారిపోయేది. పక్షులన్నీ ఒక్కసారి అరిస్తే చెవుల్లో ముళ్లు దిగినట్టుండేది.

ఎవరేమన్నా ఉన్నదున్నట్టుగా నమ్మేది కూడా. ఒకసారి నెమలి ఆమె ఇంటికొచ్చింది. కాసేపు కూర్చుని, "వెళ్లొస్తా ఓబులమ్మా!" అంటూ లేచింది. వస్తానంది కదా అని ఓబులమ్మ వాకిలి ఊడ్చింది. ఆకులో చెదపురుగులు పెట్టుకుని, పొద్దుగూకేదాకా గుమ్మంలో కూర్చుంది. మర్నాడు నీటిగుంట దగ్గర, "నిన్న మళ్లీ రాలేదేం?" అని అడిగింది. నెమలి పకపకా నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో ఓబులమ్మకు తెలియలేదు. నవ్వేది తనను చూసేనని మాత్రం తెలిసింది. సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కింది. నీళ్లు తాగకుండానే ఇంటికి వచ్చేసింది.

చప్పుడు మరీ ఎక్కువైతే ఆమె ముడుచుకుపోయేది. అప్పుడు అడవిపంది వీరన్న గట్టిగా అరిచేవాడు.

"చూశారా! అలుగు మళ్లీ అలిగింది! పేరుకు తగ్గ బుద్ధి!"

"నేను అలగలేదు" అని చెప్పాలని ఓబులమ్మకు ఉండేది. అలక కాకపోతే మరేంటి? అది ఆమెకే తెలియదు. అందరూ భరించేది తాను భరించలేకపోతోందంటే, తనలోనే ఏదో లోపం ఉండాలి. అలా అనుకుని సిగ్గుపడేది. సిగ్గుపడి, దాచడం నేర్చుకుంది. నీటిగుంటలో తన నీడ చూసుకుంటూ నవ్వడం సాధన చేసింది. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడలేక వాళ్ల నొసటి వంక చూడటం అలవాటు చేసుకుంది. నలుగురిలో అలా గడిపి వచ్చిందంటే, ఇంటికి చేరేసరికి కొండ మోసినట్టు ఒళ్లు హూనమయ్యేది. బొరియలో పడి లేవలేకపోయేది.

ఆ అడవిలో ఆమెతో నెమ్మదిగా మాట్లాడేది కుందేలు తులసమ్మ ఒక్కతే. ఆ తులసమ్మకు చాన్నాళ్లకు ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టే రోజున అడవి అడవంతా ఆమె వాకిట్లో చేరింది. వడ్రంగిపిట్టలు మానుల మీద డప్పులా వాయిస్తున్నాయి. కోతులు ఈలలు వేస్తున్నాయి. చిలకల గోల సరేసరి. ఎవరో మొగలిపూలు తెచ్చి గుమ్మానికి గుచ్చారు. ఆ వాసనకు ఓబులమ్మ తల తిరిగింది.

వచ్చిన కాసేపటికే ఆమె చేతులు వణకడం మొదలుపెట్టాయి. "కాసేపు బయట కూర్చుంటానని చెబితే?" అనుకుంది. "అమ్మో, మళ్లీ అలిగిందంటారు. తులసమ్మకు కూడా తలవంపులు" అనుకుని పళ్లబిగువున నిలబడింది.

అంతలో తులసమ్మ పిల్లను ఎత్తుకుని వచ్చింది.

"ఓబులక్కా, నా బిడ్డ నీ ఒళ్లో ఉండగా పేరు పెట్టాలని నా కోరిక. పట్టుకో."

వద్దు అనే మాట ఓబులమ్మ గొంతుదాకా వచ్చింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె నేర్చుకున్న నవ్వు నవ్వింది.

"ఇవ్వు చెల్లీ" అంది.

పిల్ల దూదిలా మెత్తగా ఉంది. తులసమ్మ వంగి, "నీ పేరు పింజ" అని బిడ్డ చెవిలో చెప్పింది. అంతే! వాకిట్లో వాళ్లంతా ఒక్కపెట్టున "పింజా! పింజా!" అని కేకలు పెట్టారు. వడ్రంగిపిట్టలు వాయించేశాయి. వీరన్న ఘుర్రుమన్నాడు. ఓబులమ్మ కళ్ల ముందు తెల్లబడిపోయింది. దుమ్ము పడితే కన్ను దానంతటదే మూసుకున్నట్టు, ఆమె ఒళ్లు దానంతటదే ముడుచుకుంది. పిల్ల లోపలే ఉండిపోయింది.

"అయ్యో, నా బిడ్డ! నా బిడ్డ!" అని తులసమ్మ గుండెలు బాదుకుంది.

"నలిపేస్తోంది! విప్పండి!" అని వీరన్న కోరతో పొడిచాడు. కోతులు పొలుసులు పట్టి లాగాయి. అటూ ఇటూ దొర్లించారు. వాళ్లు లాగేకొద్దీ ఓబులమ్మ బిగుసుకుంది. ఆమెకు అన్నీ వినబడుతున్నాయి. విప్పుకోవాలని ఉంది. ఒళ్లు మాట వినడంలేదు. నోరు పెగలడంలేదు. పొట్ట దగ్గర చిన్న గుండె టకటక కొట్టుకుంటోంది. "దేవుడా, ఈ బిడ్డకేం కాకూడదు" అనుకోవడం తప్ప ఆమె ఏమీ చేయలేకపోయింది.

చివరికి అరిచి అరిచి అందరూ అలిసిపోయారు. వాకిలి నిశ్శబ్దమైంది. అప్పుడు ఓబులమ్మ మెల్లగా విచ్చుకుంది. పింజకు ఒక్క గీటు కూడా పడలేదు. కానీ తులసమ్మ బిడ్డను లాక్కుని, గుండెకు హత్తుకుంటూ అంది.

"నిన్ను సొంత అక్కలా చూసుకున్నాను. ఇకమీదట నా గడప తొక్కొద్దు."

ఓబులమ్మ తలెత్తలేదు. అందరి మధ్యనుంచి నడిచి వెళ్లింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది.

బొరియలోకి వెళ్లిన ఓబులమ్మ రోజులు గడిచినా బయటికి రాలేదు. ఆకలేసింది. అయినా రాలేదు. కళ్లు మూసుకుంటే తులసమ్మ కేక వినిపించేది. "నేనేం మనిషిని!" అని మనం అనుకుంటాం చూడండి, అలాగే ఆమె "నేనేం ప్రాణిని!" అని కుమిలిపోయింది. ఈ అడవి వదిలి, ఎవరూ లేని చోటికి పోవాలని నిశ్చయించుకుంది.

ఒక సాయంత్రం పోదామని తల బయటపెట్టింది. ఎదురుగా కొమ్మ మీద పేరమ్మత్త కూర్చుని ఉంది. పేరమ్మత్త ఒక ముసలి దేవాంగపిల్లి. పేరుకే పిల్లి గానీ, రాత్రిపూట చెట్ల మీద తిరిగే చిన్న జంతువు. సన్నటి చేతులు, గుండ్రటి పెద్ద కళ్లు. చెట్టు దిగడమే అరుదు.

"ఎక్కడికే పిల్లా?" అంది పేరమ్మత్త.

"దూరంగా అత్తా. నాలాంటిది నలుగురిలో ఉండకూడదు."

"ఎండలో నేను కళ్లు తెరవలేను. తెరిస్తే కోసినట్టుంటుంది. నన్ను ఎవరైనా అలిగానంటారా?"

"అనరు. నీ కళ్లు అలాంటివి కదా."

"నీ చెవులు అలాంటివి. నీ మనసు అలాంటిది. అందరూ విన్నదే నువ్వు విన్నా, నీకు పదింతలుగా వినబడుతుంది. మా నాన్న అచ్చం నీలాంటివాడే. ఒకే కొమ్మ, ఒకే దారి. ఎవరి కళ్లలోకీ చూసేవాడు కాదు. ఇలాంటివాళ్లు ప్రతి జాతిలోనూ పుడతారమ్మా. అది జబ్బూ కాదు, పొగరూ కాదు. పుట్టుక."

 ఓబులమ్మకు ఇన్నేళ్ల బతుకు ఒక్కసారి కళ్ల ముందు కదిలింది. ఆమెలాంటివాళ్లు ఇంకా ఉన్నారని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

"అయితే నా తప్పేమీ లేదా అత్తా?" అంది ఆశగా.

పేరమ్మత్త కొమ్మ మీంచి కిందికి వంగింది.

"ముడుచుకోవడం నీ తప్పు కాదు. కానీ మా నాన్నకు ముందుగా చేతులు వణికేవి. బిడ్డను ఎత్తుకునే ముందే నీ చేతులూ వణికాయా లేదా?"

"వణికాయి."

"చెప్పావా?"

ఓబులమ్మ తల వంచుకుంది. ఈసారి సిగ్గు వేరుగా ఉంది. తాను ఇలా పుట్టినందుకు కాదు, నోరు విప్పనందుకు.

మర్నాడు పొద్దున్నే ఆమె తులసమ్మ ఇంటికి వెళ్లింది. గడప బయటే నిలబడింది.

"లోపలికి రానులే తులసమ్మా. ఒక్క మాట చెప్పి పోతాను. ఆ రోజు నేను అలగలేదు. చప్పుడెక్కువైతే నా ఒళ్లు నా మాట వినదు. అలా జరగబోతోందని నాకు ముందే తెలిసింది. నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడి, నీ బిడ్డను ఎత్తుకున్నాను. అది నా తప్పు. నన్ను క్షమించు."

 ఓబులమ్మ వెనక్కి తిరిగింది.

"ఆగక్కా" అంటూ తులసమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

"నీ చేతులు వణకడం నేను చూశాను. చూసి కూడా, అందరిముందూ నా ముచ్చట తీరాలని బిడ్డను నీ ఒళ్లో పెట్టాను. తరువాత తప్పంతా నీ మీదికి తోసేశాను. ఇన్ని రోజులూ నీ దగ్గరికి రావడానికి నాకు మొహం చెల్లలేదు."

 తులసమ్మ ఆ పొద్దు బిడ్డను ఆమె చేతికివ్వలేదు. ఓబులమ్మ అడగనూ లేదు.

తొలకరి పడింది. ఏటా లాగే జంతువులన్నీ కొండ కింద మైదానంలో పండుగ చేసుకున్నాయి. ఓబులమ్మ కూడా వెళ్లి తులసమ్మ పక్కన కూర్చుంది. కాసేపటికి కప్పలు, కోతులు, చిలకలు ఒక్కసారిగా అందుకున్నాయి. ఓబులమ్మ చేతులు వణికాయి. ఆమె లేచి నిలబడింది.

"నాకు చప్పుడెక్కువైంది. కాసేపు ఆ బండ చాటున కూర్చుని వస్తాను" అంది. ఆ మాట అందరికీ వినిపించింది.

వీరన్న నోరు తెరిచాడు. తులసమ్మ అతని వంక సూటిగా చూసింది. అతను నోరు మూసుకుని గడ్డలు తవ్వుకోసాగాడు.

అందరి చూపులూ వీపు మీద ఉండగా ఓబులమ్మ నడిచి వెళ్లింది. చెవులదాకా వేడెక్కింది. వెనక్కి వెళ్లి నవ్వుతూ కూర్చుందామా అని కూడా అనుకుంది. అయినా ఆగలేదు. బండ చాటున గాలి చల్లగా ఉంది. ఒళ్లు ముడుచుకుంటుందేమోనని ఎదురుచూసింది. ముడుచుకోలేదు. గుండె నెమ్మదించాక లేచి తిరిగి వచ్చింది.

ఎందుకు వెళ్లావని ఎవరూ అడగలేదు. తులసమ్మ కొంచెం పక్కకు జరిగి, చోటిచ్చింది.

నీతి: తట్టుకోలేనిదాన్ని తట్టుకోలేనని చెప్పడం సిగ్గుపడాల్సిన పని కాదు. అలా చెప్పినవారిని నమ్మి, చోటివ్వడం పక్కనున్నవారి వంతు.