ఎర్రమెట్ట అడ్డురాతి అమ్మవారు

ఈ కథ మొట్టమొదట నాకు చెప్పినవాడు కోరాడ గవరయ్య. వేణుకోటలో మొదటి టౌను బస్సు నడిపిన డ్రైవరు ఆయనే. చెప్పింది చెప్పినట్టే రాయిస్తున్నాను, ఒక్క ముక్క కలపలేదు.

వేణుకోట పట్నంలో నేడు పదహారు టౌను బస్సులు తిరుగుతున్నాయి. బజారు నుంచి పెద్దాసుపత్రికి పోయేవన్నీ ఎర్రమెట్ట దిగవలసిందే. దిగుడు నిటారు, కింద రాళ్ళు కొట్టిన గొయ్యి, తొంగి చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆ దిగుడు మొదట్లో పసుపు రాసి ఉన్న గుమ్మడికాయంత రాయే అమ్మవారు.

పూర్వం ఇక్కడ ఒక్కటే బస్సు. దాని చేతిబ్రేకు సరిగా పట్టేది కాదు. మెట్ట మీద జనం ఎక్కి దిగేటప్పుడల్లా కండక్టరు సన్నిబాబు ముందు చక్రానికి ఈ రాయి అడ్డం పెట్టేవాడు. నాలుగేళ్ళకు కొత్త బస్సు వచ్చింది. గవరయ్యకు గర్వం తలకెక్కింది.

"కొత్త పెళ్ళికూతురికి పాత చెప్పులేటిరా, సన్నిబాబూ?" అని రాయిని కాలితో రోడ్డు పక్కకు దొర్లించేశాడు.

అక్కడ తేగలు అమ్ముకునే తవిటమ్మ ఊరుకోలేదు. "నాలుగేళ్ళు నీ బండిని ఆపింది గదరా. దండమెట్టి దించాల గానీ తన్నుతావేటి?"

"నీ తేగలు నువ్వమ్ముకో పిన్నీ. బస్సు సంగతి నీకేటి తెలుసు?" అని నవ్వేశాడు.

తొమ్మిదో రోజు, మంగళవారం, పట్టపగలు. మెట్ట మీద ఇంజను పొగ చిమ్మితే గవరయ్య చేతిబ్రేకు వేసి నీళ్ళకు దిగాడు. లోపల నలభై మంది. అందులో నొప్పులు పడుతూ ఆసుపత్రికి పోతున్న తన కూతురు ఈశ్వరి. బకెట్టు ముంచి తలెత్తేసరికి బస్సు కదులుతోంది. చప్పుడు లేదు. కిటికీలోంచి కూతురు తండ్రినే చూస్తున్నది. డ్రైవరు సీటు ఖాళీ అని ఆమెకింకా తెలియదు. గవరయ్య బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఓలమ్మో, బండెల్లిపోతంది!" అని అరచినది తవిటమ్మే. బుట్ట పారేసి, రాయిని రెండు చేతులా దొర్లించి చక్రం ముందుకు తోసింది. చక్రం సగం ఎక్కి, ఊగి, ఆగింది. ఆమె కుడిచేతి రెండు వేళ్ళు కిందే ఉండిపోయాయి.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి అరుగు మీద గవరయ్యకు కునుకు పట్టింది. కలలో ఒక తల్లి కనబడింది. "నన్ను పెట్టిన చేతిని ఊరు తలచినంత కాలం బళ్ళను పట్టుకుంటాను. మరిచిన నాడు వదిలేస్తాను" అన్నది. ఉలిక్కిపడి లేచేసరికి లోపల మనవరాలు ఏడుస్తోంది. ఆ సాయంత్రమే రాయిని ప్రతిష్ఠించాడు.

నాటినుండి మెట్ట దిగే ప్రతి బస్సూ ఇక్కడ ఆగుతుంది. కండక్టరు దిగి, రాయిపై అరచేయి ఆనించి, "తవిటమ్మ చెయ్యి, అమ్మ కాపు" అని పైకి పలికి, తరువాతే విజిలు వేస్తాడు. అలా పలికిన బస్సుకు కీడు లేదు. అందులో పోయిన గర్భిణికి సుఖప్రసవం.

అయితే కొన్నేళ్ళ కిందట అమ్మవారి కమిటీవారు పాలరాతి పలక వేయించి, బస్సును ఆపినవాడు గవరయ్య అని చెక్కించారు. ఆయనే ఉంటే సిగ్గుతో చచ్చేవాడు. వరసగా వచ్చిన ముగ్గురు కమిటీ ప్రెసిడెంట్లకు చెప్పాను. "చదువు రానోడివి, నీకెందుకు తాతా?" అన్నారు. అన్నవాడెవడో నాకు గుర్తే. కుర్ర కండక్టర్లు ఇప్పుడు పలక చూసి గవరయ్య పేరే పలుకుతున్నారు. కిందటి వారం ఆసుపత్రి బస్సు, బ్రేకు వేసి ఉండగానే, జానెడు జారింది. లోపల యాభై మంది. నేను కళ్ళారా చూశాను. అక్షరం చెక్కడం వచ్చినవారు ఎవరైనా సరే, రేపే వచ్చి ఆ పేరు దిద్దండి.