చుక్క చుక్కా చూసిన పాకం

"ఒరే గవరయ్యా, మన బుర్రకి సాటి ఈ ఊళ్ళో ఇంకో బుర్ర లేదని అందరికీ చెప్పు" అన్న కేక వీధి చివరిదాకా వినపడింది. కేక పోలినాయుడిది. అన్నదమ్ములు ముగ్గురూ కలిసి బెల్లం పాకం పొయ్యి మీద పెట్టారు, అది పొంగింది. అంతమాత్రానికే ఆ గర్వం.

పోలినాయుడి పెళ్ళాం పైడమ్మ వీళ్ళ తెలివి భరించలేక పుట్టింటికి పోయి నెలయింది. "ఒక్క వాయి అరిసెలు చెడగొట్టకుండా వండి చూపించండి, కాపురానికొస్తాను" అంది. ఆ అరిసెలు చూడ్డానికే మధ్యాహ్నం తండ్రి లచ్చయ్యతో వస్తోంది. పాకం గుట్టు కూడా తనే చెప్పి పంపింది. "ఒక చుక్క నీళ్ళలో వేసి చూడండి. ఉండ కడితే దించేసి పిండి పొయ్యండి."

పోలినాయుడు చుక్క వేశాడు. ఉండ కట్టింది.

"దించెయ్యనా అన్నా?" అన్నాడు గవరయ్య.

"ఆగరా వెర్రోడా. ఈ చుక్క ముదిరింది సరే, పక్క చుక్క ముదిరిందని నీకెవరు చెప్పారు? ఇంట్లో ఒకడికి మీసమొస్తే అందరికీ వచ్చినట్టా?"

మీసం రాని చిన్న తమ్ముడు సన్యాసి నిజమేనని తలూపాడు. అంతే, ముగ్గురూ మూడు గరిటెలు పుచ్చుకుని ప్రతి చుక్కనీ గంగాళంలోని నీళ్ళలో వేసి చూశారు. మూకుడు ఖాళీ అయింది.

"ఒక్క చుక్క కూడా తప్పలేదు" అని మురిసిపోయాడు పోలినాయుడు.

ఇంకేముంది, ఉండలన్నీ నీళ్ళలో కరిగిపోయాయి. "పాకం ఎక్కడికి పోతుంది, గంగాళంలోనే ఉందిగా" అని సన్యాసి పిండంతా అందులో కుమ్మరించాడు. జావయింది. అరిసెల్లా వత్తబోతే వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. సరే అని దోసిళ్ళతో కాగే నూనెలో పోశారు. నూనె చూరుదాకా ఎగిరింది. ముగ్గురూ వీధిలోకి లగెత్తి, వస్తున్న లచ్చయ్యని గుద్దుకున్నారు.

"పాకం ఏదయ్యా అల్లుడూ?"

"అంతా చూడ్డానికే సరిపోయింది మామా."

పైడమ్మ తిట్టుకుంటూ కొంగు దోపింది. మిగిలిన జావ తపేలాలో ఉడికించి, యాలకులు చల్లి, తినేలా చేసింది. "నేను లేకపోతే కొంప తగలబెట్టేట్టున్నారు. వచ్చేశాను, ఆ తపేలా జోలికి పోకుండా కూర్చోండి" అంది.

"అదెలా కుదురుతుంది?" అన్నాడు పోలినాయుడు. "మొగుడు పుట్టింటికొచ్చి పిలవాలి, తండ్రి పంపాలి. అప్పుడే కదా కాపురానికొచ్చినట్టు. నువ్వెళ్ళు పైడీ, వెనకే వచ్చి పిలుస్తాను."

ఆమె పళ్ళు నూరుకుంటూ పక్కూళ్ళో పుట్టింటికి నడిచింది. ఇతనూ వెళ్ళి గుమ్మంలో నిలబడి పిలిచాడు. పంపాల్సిన మామ ఏడీ? పోలినాయుడింట్లో ఆకు ముందు కూర్చున్నాడు. మళ్ళీ వెనక్కొచ్చి మామని లేపి తీసుకెళ్ళాడు. తమ్ముళ్ళూ వెంట నడిచారు.

"పంపుతున్నానయ్యా, పంపుతున్నాను. ముందు ఇంత తిండి పెట్టండి" అన్నాడు లచ్చయ్య నీరసంగా.

అక్కడే ఆకులు వేశారు. "జావ ఏదిరా?" అంది పైడమ్మ.

"ఆ తపేలా జోలికి పోవద్దన్నావు కదా వదినా" అన్నాడు గవరయ్య. "పోలేదు. అక్కడే ఉంది."

పైడమ్మ కుండలో ఉన్న చద్దన్నం, ఉల్లిపాయలు తెచ్చి అందరికీ వడ్డించి, తనూ కూర్చుంది. "తినగానే బయల్దేరదాం. అక్కడ ఇంకేం మిగిలిందో చూసుకోవాలి" అంది.

పోలినాయుడు చద్దన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలాడు.

"చూశావా మామా" అన్నాడు. "మా పాకం ఎంత బాగా కుదిరిందో."