పదిహేను రోజుల నియమం

గురువు కామేశం గారు వాదించి ఎవరినీ ఒప్పించేవారు కారు. ముప్పై ఏళ్ళు కంపౌండరుగా పనిచేసిన మనిషి. మాటతో నయం కాని జబ్బులు చాలా ఉంటాయని ఆయనకు తెలుసు. ఎవరైనా చిక్కు ప్రశ్న అడిగితే చెప్పులు తొడుక్కుని, "పద, చూద్దాం" అనేవారు.

ఆయన శిష్యుడు దివాకరం కాకినాడలో ఒక సంస్థ నడుపుతున్నాడు. మంచాన పడ్డవారికి ఇంట్లోనే సేవ చేసే మనుషులను పంపడం దాని పని. ఒక ఉదయం వచ్చి ఇలా అడిగాడు:

"గురువుగారూ, ఆసుపత్రులు రోగులను తొందరగా ఇళ్ళకు పంపేస్తున్నాయి. నాకు పిలుపులకు కొదవ లేదు. మనుషులే నిలవడం లేదు. ఆరు నెలలు పని నేర్పి పంపితే, రోగి ఇంటివాళ్ళు మంచి చేసుకుని నా చాటున సొంతంగా పెట్టుకుంటున్నారు. ఈ ఏడాదే తొమ్మిదిమంది పోయారు. ఇలాగైతే సంస్థ మూసుకోవాలి. అందుకే ఏ ఇంట్లోనూ ఎవరినీ పదిహేను రోజులకు మించి ఉంచకూడదని నియమం పెట్టాను. ఇందులో తప్పుందా?"

మనిషి మీద నమ్మకం తగ్గిన చోట నియమం పుడుతుంది. ఆ సంగతి గురువుగారు చెప్పలేదు. "ఇవాళ ఎవరిని మారుస్తున్నావు?" అని మాత్రం అడిగారు.

ఇద్దరూ జగన్నాథపురంలో సత్తిరాజు ఇంటికి వెళ్ళారు. ఒకప్పుడు ఆయనకు రెండు మర పడవలు ఉండేవి. పక్షవాతంతో మాట పోయింది, కుడి పక్క చచ్చుబడింది. పదిహేను రోజులుగా నూకరత్నం అనే అమ్మాయి ఆయనను చూసుకుంటోంది. ఆమె ఆయనను లేవమని అడిగేది కాదు. మంచం అంచున కూర్చుని, భుజం దగ్గరగా పెట్టి, ఊరుకునేది. ఆయనకు మనసు కుదిరినప్పుడు ఆ భుజం పట్టుకుని లేచేవాడు. ముందు రోజు అయిదు అడుగులు వేశాడు.

వీళ్ళు వెళ్ళేసరికి కొత్తమ్మాయి వచ్చి ఉంది. సత్తిరాజు భార్య కనకమ్మ దివాకరాన్ని చూసి అంది: "ఏం బాబూ, పక్షానికో చేతిలో పెట్టడానికి మా ఆయనేమన్నా అద్దె సైకిలా?"

"ఈ అమ్మాయీ బాగానే చేస్తుందమ్మా. అన్నీ ఫైల్లో రాసి ఉన్నాయి."

రాసే ఉన్నాయి. రక్తపోటు, మందుల వేళలు, స్నానం, పథ్యం. భుజం సంగతి లేదు, దానికి గడి లేదు. నూకరత్నం చెప్పబోయి యజమాని ముఖం చూసింది. వెళ్ళేవాళ్ళు ముచ్చట్లు పెట్టకూడదన్నదీ నియమమే. ఫైలు అందించి, సంచి తీసుకుని బయటకు నడిచింది.

సత్తిరాజు ఎడమ చేత్తో దుప్పటి సర్దాడు. మెల్లగా లోపలికి జరిగి, మంచం అంచున ఒక మనిషి కూర్చునేంత చోటు చేశాడు. కళ్ళు గేటు మీద ఉన్నాయి. తన కోసమే అనుకుని కొత్తమ్మాయి అక్కడ కూర్చుంది. మంచి పిల్ల, ఆప్యాయంగానే, "లేద్దామా పెద్దనాన్నా?" అంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చూపు మాత్రం గేటు మీది నుంచి మరల్చలేదు. వీళ్ళు అక్కడున్న గంటసేపూ ఆయన పాదం నేలకు ఆనించలేదు.

తిరుగుదారిలో దివాకరం అన్నాడు: "ఆ పిల్లను అక్కడే ఉంచితే నెలలోపు ఆ ఇంటి మనిషైపోతుంది. జీతం నేనూ తక్కువ ఇవ్వడం లేదు గురువుగారూ. నా దగ్గర ఎందుకు నిలవరో అర్థం కాదు."

"పోయిన తొమ్మిదిమంది పేర్లు చెప్పు" అన్నారు గురువుగారు.

దివాకరం నాలుగు పేర్లు చెప్పాడు. అయిదోది తలచుకుంటూ ఆగిపోయాడు. కొంత దూరం నడిచారు. ఆ పేరు రాలేదు.

"సత్తిరాజుకు నోట మాట లేదు" అన్నారు గురువుగారు. "ఆయన ఎవరి కోసం చూస్తున్నాడో మనిద్దరికీ తెలిసింది."